మనోడా, పనిచేసినోడా? ఓటుకు ముందు అభ్యర్థులను పోల్చి చూసుకునే పద్ధతి

నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిసిన సాయంత్రం నుంచే హన్మకొండ చౌరస్తాలోనైనా, నర్సంపేట బస్టాండులోనైనా ఒకటే లెక్క నడుస్తుంది. ఫలానా మండలంలో ఫలానా కులం ఓట్లెన్ని, మనోళ్లు ఎటు మొగ్గుతున్నరు, ఆయన లోకలా నాన్ లోకలా. ఎవరు గెలుస్తారో ఊహించడానికి ఆ లెక్క పనికొస్తుంది. గెలిచాక దేవాదుల కాలువ చివరి ఊరికి నీళ్లు వస్తాయో లేదో దాంతో తేలదు. ఇద్దరు ముగ్గురు అభ్యర్థుల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతున్నవాళ్ల కోసం ఈ పద్ధతి.

మొదట ఒక మాట. కులం, ఊరు, కుటుంబం చూడటం మూర్ఖత్వమని ఇక్కడ అనడం లేదు. తండాలో పుట్టినవాడికి తండా రోడ్డు సంగతి వేరే చెప్పక్కర్లేదు. కానీ సంగతి తెలిసినోడు, దాన్ని చేయించినోడు ఒకరే కానక్కర్లేదు. పైగా మన ప్రాంతంలో చాలా సీట్లు రిజర్వుడు. వరంగల్ లోక్‌సభ, వర్ధన్నపేట, స్టేషన్ ఘన్‌పూర్ ఎస్సీ. ములుగు, మహబూబాబాద్, డోర్నకల్ ఎస్టీ. అక్కడ బరిలో ఉన్నవాళ్లంతా ఒకే వర్గం నుంచి వస్తారు కాబట్టి చర్చ ఉపకులం మీదికో, ఏ మండలపోడు అన్నదాని మీదికో జరుగుతుంది. కొలత మాత్రం దొరకదు. ఎట్లా చూసినా వేరే కొలత కావాల్సిందే.

దేనికెన్ని మార్కులు

| చూడాల్సింది | అడగాల్సిన ప్రశ్న | ఎక్కడ దొరుకుతుంది | మార్కులు |
|---|---|---|---|
| చేసిన పని | మంజూరు కాదు, ఎంతవరకు పూర్తయింది? | జీవోలు, సమాచార హక్కు దరఖాస్తు, సభ ప్రొసీడింగ్స్ | 40 |
| హామీ గట్టిదనం | ఆ పదవికి ఆ అధికారం ఉందా? డబ్బెక్కడిది? | మ్యానిఫెస్టో, కరపత్రాలు, ప్రసంగాలు | 25 |
| అఫిడవిట్ | కేసులేంటి, ఆస్తి ఎట్లా పెరిగింది, కాంట్రాక్టులున్నాయా? | ఎన్నికల సంఘం అఫిడవిట్ సైట్, నో యువర్ క్యాండిడేట్ యాప్ | 25 |
| అందుబాటు | క్యాంపు ఆఫీసు ఎక్కడ, ఏ రోజుల్లో ఉంటాడు? | ఊళ్లో అడిగితే తెలుస్తుంది | 10 |

మార్కులు వేసేటప్పుడు పేర్లు రాయకండి. అభ్యర్థులకు అ, ఆ, ఇ అని పెట్టి, వివరాలు మాత్రం వరుసల్లో నింపండి. ఆ కాగితం ఇంట్లో ఇంకొకరికి ఇచ్చి మార్కులు వేయమనండి. మీరు వేసినవి, వాళ్లు వేసినవి పది పదిహేను మార్కులు తేడా వస్తే, మీ కాగితంలో ‘మనోడు’ అన్న మార్కు ఎక్కడో కలిసిందని లెక్క.

ముందు పదవి సంగతి తేల్చుకోండి

చాలామంది పోలిక ఇక్కడే తప్పుతుంది. ఎమ్మెల్యే అభ్యర్థిని రైల్వే పని గురించి నిలదీస్తారు, ఎంపీ అభ్యర్థిని మోరీ గురించి అడుగుతారు. కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ ఎన్ని ఎన్నికల్లో హామీగా తిరిగిందో అందరికీ తెలుసు. అది 2014 పునర్విభజన చట్టం 13వ షెడ్యూలులో ఉంది, నిర్ణయం రైల్వే శాఖది. చివరికి 2023 జూలై 8న ప్రధాని కాజీపేట రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేశారు. ఇందులో వరంగల్ పశ్చిమ ఎమ్మెల్యే చేయగలిగింది రాష్ట్రం తరఫున ఒత్తిడి తేవడం వరకే. ‘నేను తెస్తా’ అని అసెంబ్లీ అభ్యర్థి కరపత్రంలో ఉంటే ఆ హామీకి సున్నా వేయొచ్చు.

మామునూరు విమానాశ్రయం కొంచెం వేరు. అనుమతులు కేంద్రం ఇవ్వాలి, భూసేకరణ రాష్ట్రం చేయాలి. అంటే ఎంపీని, ఎమ్మెల్యేను వేర్వేరు ప్రశ్నలు అడగాలి. ఎంజీఎం ఆసుపత్రి రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ కిందిది. ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్), దేవాదుల కాలువలు రాష్ట్ర నీటిపారుదల శాఖవి. నాలాల పూడికతీత, నాలాల మీద కట్టడాల తొలగింపు గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ పని, 2021 ఎన్నికల నాటికి అందులో 66 డివిజన్లు. కాకపోతే రిటైనింగ్ వాల్ లాంటి పెద్ద పనులకు కార్పొరేషన్ సొంత డబ్బు చాలదు, రాష్ట్రం ఇవ్వాలి. 2020 ఆగస్టులో నగరం మునిగినప్పుడు, 2023 జూలైలో భద్రకాళి చెరువు కట్ట తెగినప్పుడు అందరూ ఒకరి మీదికి ఇంకొకరు తోయడానికి ఈ గజిబిజే వీలిచ్చింది.

‘మంజూరు చేయించిన’ అంటే ఏ మెట్టు దగ్గర?

సిట్టింగులు ప్రచారంలో ఎక్కువగా వాడే మాట ‘ఇన్ని కోట్లు మంజూరు చేయించిన’. సర్కారు పని ఒకటి పుట్టి బిల్లు అయ్యేదాకా ఎక్కే మెట్లు ఇవి: ప్రతిపాదన, పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, టెండర్, అగ్రిమెంట్, పని, కొలతల పుస్తకంలో నమోదు, బిల్లు చెల్లింపు. జీవో వచ్చేది పరిపాలనా అనుమతి దగ్గర. శిలాఫలకం కూడా సాధారణంగా ఆ తర్వాతే పడుతుంది. ఎన్నికల ముందు వచ్చిన జీవోలు కొన్ని టెండర్ దాకా పోకుండానే ఆగిపోతాయి. టెండర్ అయినా పాత బిల్లులు రాలేదని కాంట్రాక్టర్ మధ్యలో వదిలేసిన పనులు మీ మండలంలోనే రెండు మూడు కనిపిస్తాయి.

అందుకని శిలాఫలకం కనిపిస్తే ఫొటో తీసుకోండి. దాని మీద తేదీ, పని పేరు, అంచనా విలువ ఉంటాయి. వాటితో ఆ శాఖకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టి ఐదే అడగండి: పరిపాలనా అనుమతి నంబరు తేదీ, అంచనా మొత్తం, అగ్రిమెంట్ తేదీ, ఇప్పటిదాకా చెల్లించిన మొత్తం, పూర్తయిన తేదీ. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. తెల్లరేషన్ కార్డు లాంటి పేదరిక ఆధారం జతచేస్తే అదీ అక్కర్లేదు. ‘పనుల పూర్తి వివరాలు ఇవ్వగలరు’ అని రాస్తే ‘మీ ప్రశ్న స్పష్టంగా లేదు’ అని వెనక్కి వస్తుంది. పని పేరు, ఊరు పేరు, సంవత్సరం రాసి అడిగితే తప్పించుకోవడం కష్టం. జవాబుకు గడువు 30 రోజులు.

ఎమ్మెల్యే చేతి కింద నేరుగా ఉండేవి నియోజకవర్గ అభివృద్ధి నిధులు. వాటి లెక్క జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయంలో ఉంటుంది. ఎంపీకి ఏడాదికి 5 కోట్లు. అందులో 15 శాతం ఎస్సీలు, 7.5 శాతం ఎస్టీలు ఉండే చోట్లకు సిఫారసు చేయాలని నిబంధన. మొత్తం ఎంత ఖర్చయిందన్న దానికన్నా దేనికి ఖర్చయిందన్నదే ఎక్కువ చెబుతుంది. కమ్యూనిటీ హాళ్లు, గుడి ప్రహరీలు, హైమాస్ట్ లైట్లే సగం ఉంటే, కులపెద్దల అర్జీలు వచ్చినట్టే సాగిపోయిందని అర్థం చేసుకోవచ్చు. బడి గదులు, అంగన్‌వాడీ భవనాలు, కల్వర్టులు ఉంటే ఎవరో కూర్చుని అవసరాలు చూసి రాశారు.

సభలో పనితీరు సంగతి. ఎంపీల హాజరు, ప్రశ్నలు, చర్చల్లో పాల్గొన్న వివరాలు చట్టసభల పనితీరును నమోదు చేసే పీఆర్ఎస్ సంస్థ సైట్‌లో ఒకేచోట దొరుకుతాయి. అక్కడ రెండు చోట్ల తప్పటడుగు పడుతుంది. మంత్రులు హాజరు రిజిస్టరులో సంతకం పెట్టరు, ప్రశ్నలు అడగరు. కాబట్టి మంత్రిగా ఉన్నాయన వరుస ఖాళీగా కనిపిస్తే సున్నా వేయకూడదు. రెండోది, రాతపూర్వక జవాబు ప్రశ్నలు వందల్లో ఉండొచ్చు, అందులో మన ప్రాంతానివి ఎన్ని? ఎనుమాముల మార్కెట్, బయ్యారం, కాజీపేట లాంటి మాటలతో వెతికితే అసలు సంఖ్య బయటపడుతుంది. ఎమ్మెల్యేలకు ఇంత సులువైన జాబితా లేదు. శాసనసభ ప్రొసీడింగ్స్ తిరగేయాల్సిందే.

అఫిడవిట్ చదవడం

నామినేషన్‌తో పాటు ఇచ్చే ఫారం 26 ఇది. సుప్రీంకోర్టు 2002, 2003 తీర్పుల పుణ్యాన మన చేతికొచ్చింది. దాఖలైన 24 గంటల్లో సైట్‌లో పెట్టాలి, రిటర్నింగ్ అధికారి నోటీసు బోర్డు మీద కూడా అంటిస్తారు. చాలామంది చివర్లో ఉండే సంక్షిప్త పట్టిక చూసి ‘కేసులు 14, ఆస్తి 9 కోట్లు’ అని ముగిస్తారు. అసలు సరుకు లోపల ఉంటుంది.

కేసుల లెక్క మన దగ్గర ప్రత్యేకం. తెలంగాణ ఉద్యమంలో రైల్ రోకోలు, వంటావార్పులు, బంద్‌లు చేసినవాళ్ల మీద కేసులు కుప్పలుగా ఉండేవి. రైల్వే చట్టం 174, ఐపీసీ 143, 188, 341 కనిపిస్తే అవి ధర్నా కేసులని ఇట్టే తెలుస్తుంది. అట్లాంటివి ఇరవై ఉన్నా భయపడేదేం లేదు. 420 ఒక్కటి ఉన్నా ఆగి చదవాలి, 307 అయితే ఇంకా. 2024 జూలై 1 తర్వాత నమోదైన కేసులకు కొత్త నంబర్లు వచ్చాయి: మోసం 420 ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318(4), హత్య 302 ఇప్పుడు 103, హత్యాయత్నం 307 ఇప్పుడు 109, అధికారి ఉత్తర్వు ధిక్కారం 188 ఇప్పుడు 223. సెక్షన్ పక్క గడిలో కోర్టు అభియోగాలు మోపిందా, ఏ తేదీన అని ఉంటుంది. ఎఫ్ఐఆర్ ఎవరి మీదైనా పడొచ్చు. అభియోగాలు మోపారంటే న్యాయమూర్తి కాగితాలు చూసి విచారణకు ఆధారం ఉందన్నట్టు. ఈ ఒక్క గడికే అఫిడవిట్ మార్కుల్లో సగం ఇవ్వొచ్చు.

ఆస్తుల్లో ‘ప్రస్తుత మార్కెట్ విలువ’ చూసి గుండెలు బాదుకోవద్దు. ఔటర్ రింగ్ రోడ్డు ప్రతిపాదన పక్కన తాతల నాటి నాలుగెకరాలుంటే ఆయన ఏమీ చేయకపోయినా కోట్లవుతుంది. చూడాల్సింది వారసత్వమా స్వార్జితమా, కొన్న తేదీ, కొన్న ధర. అదే మనిషి 2018 డిసెంబర్, 2023 నవంబర్ అసెంబ్లీ ఎన్నికలకు ఇచ్చిన రెండు అఫిడవిట్లు పక్కపక్కన పెట్టి ఇట్లా లెక్కేయండి. భార్యాభర్తల ఐదేళ్ల రిటర్నుల ఆదాయం కలిపి 62 లక్షలు అనుకుందాం. కొత్త అప్పులు 45 లక్షలు. రెండూ కలిపితే 1 కోటి 7 లక్షలు. ఆ ఐదేళ్లలో కొన్న భూములు, ప్లాట్లు కొన్న ధర ప్రకారమే 2 కోట్ల 10 లక్షలు. ఇంట్లో ఒక్క పూట కూడా అన్నం వండుకోలేదనుకున్నా 1 కోటి 3 లక్షలకు లెక్క లేదు. పాత ఆస్తి అమ్మి ఉండొచ్చు, అప్పుడు అది రెండో అఫిడవిట్‌లో కనిపించకూడదు. రిజిస్ట్రేషన్‌లో రాసే ధర అసలు ధరకన్నా తక్కువ ఉండటం మామూలే కాబట్టి నిజమైన తేడా ఇంకా పెద్దదే ఉంటుంది.

ఎవరూ పట్టించుకోని ఇంకో గడి ఉంది: ప్రభుత్వంతో, ప్రభుత్వ సంస్థలతో కాంట్రాక్టులు. అభ్యర్థివి, భార్యవి, వాటా ఉన్న సంస్థలవి రాయాలి. ఇసుక, రోడ్లు, మిషన్ భగీరథ పైపులైన్లు ఎవరు చేశారో ఊళ్లో అందరికీ తెలుసు. ఆ పేరు ఈ గడిలో ఉందో లేదో పోల్చండి. తప్పుడు సమాచారం ఇస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఏ కింద ఆరు నెలల దాకా జైలు ఉంది.

హామీని విడదీయడం

మూడు ప్రశ్నలు సరిపోతాయి: చట్టం ఒప్పుతుందా, ఎంతవుతుంది, ఎవరి బడ్జెట్.

పోడు పట్టాలు, అంటే అడవి భూమిలో సాగుచేసుకుంటున్నవాళ్లకు ఇచ్చే హక్కు పత్రాలు, తీసుకుందాం. ములుగు, ఏటూరునాగారం, గూడూరు వైపు ప్రతి అభ్యర్థీ ‘అందరికీ పట్టాలు’ అంటాడు. అటవీ హక్కుల చట్టం 2006 ప్రకారం 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న భూమికే హక్కు, గరిష్ఠంగా 4 హెక్టార్లు. గిరిజనేతరులైతే మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అక్కడ ఉన్నట్టు చూపాలి. దరఖాస్తు గ్రామసభ నుంచి డివిజన్ కమిటీకి, అక్కడి నుంచి కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి పోతుంది. ఎమ్మెల్యే సంతకం ఎక్కడా లేదు. తిరస్కరించిన దరఖాస్తులు తిరిగి విచారించేలా చూస్తా, కారణం రాతపూర్వకంగా ఇప్పిస్తా అన్నవాడి హామీ చిన్నగా కనిపిస్తుంది, కానీ అదే చేయగలిగిన పని.

మిర్చి కూడా అంతే. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల్లో మిర్చి లేదు. ధర పడిపోయినప్పుడు ఉన్న దారి మార్కెట్ జోక్యం పథకం, దానికి రాష్ట్రం ప్రతిపాదన పంపాలి. ‘మిర్చికి మద్దతు ధర ఇప్పిస్తా’ అన్న అభ్యర్థిని ఈ సంగతి అడిగి చూడండి, తెలిసి అన్నాడో తెలియక అన్నాడో రెండు నిమిషాల్లో బయటపడుతుంది. వడ్లకు మద్దతు ధర కేంద్రానిది, తేమ 17 శాతం దాటొద్దన్న నిబంధనా కేంద్రానిదే. ఐకేపీ (మహిళా సంఘాల), సొసైటీ కొనుగోలు కేంద్రాల్లో, మిల్లు దగ్గర బస్తాకు ఇంత తరుగని కోసేది మాత్రం ఇక్కడే. పోయిన సీజన్‌లో తరుగు మీద ఎవరు కాంటా దగ్గరికి వచ్చి మాట్లాడారన్నది రైతుకు మంచి కొలత.

నగదు పథకాలకు నోటి లెక్క చాలు. నెలకు 2,000 చొప్పున లక్ష మందికంటే నెలకు 20 కోట్లు, ఏడాదికి 240 కోట్లు. దాన్ని లబ్ధిదారుల సంఖ్యతో పెంచుకుంటూ పోయి, ఏ ఖర్చు తగ్గించి ఇస్తారో మ్యానిఫెస్టోలో ఉందా చూడండి. సాధారణంగా ఉండదు.

అభ్యర్థి రకాలను బట్టి

| రకం | ఏది తేలిక | ఎక్కడ పొరబడతాం |
|---|---|---|
| అధికార పార్టీ సిట్టింగు | పనుల రికార్డు నిండుగా దొరుకుతుంది | రాష్ట్రమంతా వచ్చిన పథకాన్ని ఆయన ఖాతాలో వేస్తాం |
| ప్రతిపక్ష సిట్టింగు | సభలో మాట్లాడింది దొరుకుతుంది | నిధులు రాకపోవడాన్ని చేతగానితనం అనుకుంటాం |
| మాజీ | రెండు మూడు అఫిడవిట్లు పోల్చొచ్చు | పాత రోజులు తియ్యగా గుర్తుంటాయి |
| కొత్త ముఖం | కేసులు, మరకలు తక్కువ | రికార్డు లేకపోవడాన్ని మంచి రికార్డు అనుకుంటాం |
| కండువా మార్చినాయన | రెండు పార్టీల్లో ఏమన్నాడో ఉంటుంది | ‘అభివృద్ధి కోసమే’ అన్న మాట నమ్మేస్తాం |

ప్రతిపక్ష ఎమ్మెల్యేకు న్యాయం చేయాలంటే ప్రభుత్వ దయ అక్కర్లేని పనులే లెక్కలోకి తీసుకోవాలి: సొంత నియోజకవర్గ నిధుల వాడకం, సభలో ప్రశ్నలు, మండల సర్వసభ్య సమావేశాలకు రావడం. కొత్త అభ్యర్థి అయితే సర్పంచ్‌గానో, సొసైటీ డైరెక్టర్‌గానో, యూనియన్‌లోనో చేసింది చూడండి. ఏమీ లేకపోతే ఆ 40లో సగానికి మించి ఇవ్వొద్దు, సున్నా కూడా వేయొద్దు. వారసుడిని కొత్త ముఖంగానే లెక్కించాలి. తండ్రి కట్టించిన చెక్‌డ్యామ్ కొడుకు మార్కుల్లో పడదు.

కండువా మార్చినవాళ్ల విషయంలో ఒక తేడా గమనించాలి. ఎన్నికల ముందు రాజీనామా చేసి వేరే గుర్తు మీద నిలబడ్డవాడు మిమ్మల్ని అడిగే మారాడు. ఒక గుర్తు మీద గెలిచి సీటు వదలకుండా అటు కూర్చున్నవాడు అడగలేదు. ఫిరాయింపు నిషేధ చట్టం 1985 నుంచి ఉన్నా నిర్ణయం స్పీకర్ చేతిలో ఉండటంతో ఏళ్లు గడిచిపోతాయి. తెలంగాణ ఎమ్మెల్యేల పిటిషన్లను మూడు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2025 జూలై 31న చెప్పాల్సి వచ్చింది.

మీ అవసరాన్ని బట్టి మార్చుకోండి

పై మార్కులు అందరికీ ఒకేలా సరిపోవు. ఆసుపత్రి సిఫారసుకో, ముఖ్యమంత్రి సహాయనిధి చెక్కుకో తరచూ తిరగాల్సిన కుటుంబానికి అందుబాటు 10 కాదు, 25 అయినా తప్పులేదు. ఆ మేరకు హామీల నుంచి కోసుకోవాలి, అఫిడవిట్ నుంచి కాదు. ములుగు రోడ్డు పక్కన నాలా కాలనీలో ఉండేవాళ్లు ఒక్క అంశం మీదే ఓటు వేసినా తప్పుపట్టలేం. అట్లాంటప్పుడు మిగతా అన్నీ వదిలేసి కట్టడాల తొలగింపు అప్పుడు ఎవరు అధికారుల వైపు నిలబడ్డారు, ఎవరు ఫోన్ చేసి ఆపించారు అన్నది కనుక్కోండి.

నిరుద్యోగ యువత ఎక్కువగా మోసపోయేది టెక్స్‌టైల్ పార్కు లాంటి పెద్ద పేర్ల దగ్గర. గీసుగొండ, సంగెం మండలాల్లోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబర్‌లో శంకుస్థాపన జరిగింది. ‘లక్ష ఉద్యోగాలు’ అన్నవాళ్లను ఇప్పుడు ఎన్ని యూనిట్లు నడుస్తున్నాయి, అందులో స్థానికులెందరు, జీతం ఎంత అని అడిగితే చాలు.

పంచాయతీకి వేరే కొలత

సర్పంచ్ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు, కాబట్టి కండువా చూసి వేయడానికే వీల్లేదు. చెక్కు మీద సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరూ సంతకం పెట్టాలి. ఇద్దరికీ పడకపోతే పని ఆగుతుంది. ఉపసర్పంచ్ వార్డు సభ్యుల్లోంచే వస్తాడు, అందుకని వార్డు సభ్యుడి ఓటు కూడా ఆలోచించి వేయాలి. గ్రామానికి వచ్చిన ఆర్థిక సంఘం డబ్బు, ఖర్చు ఈ-గ్రామ్‌స్వరాజ్ సైట్‌లో ఊరి పేరుతో కనిపిస్తుంది. గుడికి ఇన్ని లక్షలిస్తా అన్నవాడికి ఏకగ్రీవం చేసే వేలం పాటలు చట్టవిరుద్ధం. పాడుకున్న డబ్బు ఎక్కడి నుంచి తిరిగి రాబట్టుకుంటాడో వేరే చెప్పాలా?

ఎప్పుడేం చేయాలి

సమాచార హక్కు జవాబుకు నెల పడుతుంది కాబట్టి దరఖాస్తులు నోటిఫికేషన్‌కు రెండు నెలల ముందే పడాలి. నోటిఫికేషన్ తర్వాత నామినేషన్లకు వారం, మర్నాడు పరిశీలన, ఆపై రెండు రోజులకు ఉపసంహరణ గడువు. అక్కడి నుంచి పోలింగ్‌కు కనీసం 14 రోజులుంటాయి. అఫిడవిట్లు చదివే పని ఆ రెండు వారాల్లో మొదటి మూడు రోజుల్లోనే ముగించండి, ఎందుకంటే తర్వాత మైకుల మోత మొదలవుతుంది. కేసులున్న అభ్యర్థి వాటిని పత్రికల్లో, టీవీలో మూడుసార్లు ప్రకటించాలి: ఉపసంహరణ గడువు నుంచి మొదటి 4 రోజుల్లో ఒకసారి, 5 నుంచి 8వ రోజు మధ్య రెండోసారి, 9వ రోజు నుంచి ప్రచారం ముగిసేలోగా మూడోసారి. అక్షరాలు 12 పాయింట్ల సైజుకు తగ్గకూడదని రూలు ఉన్నా, జిల్లా ఎడిషన్ లోపలి పేజీలో మూలకు వేస్తారు, కళ్లు పెట్టి వెతకాలి. అట్లాంటి వ్యక్తికి టికెట్ ఎందుకిచ్చామో పార్టీ కూడా కారణం చెప్పాలి. ‘గెలిచే అవకాశం ఉంది’ అన్నది కారణంగా చెల్లదని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది.

చివరి రెండు రాత్రులు నోట్ల కవర్లు తిరుగుతాయి. ఇచ్చినా తీసుకున్నా నేరమే, సీ-విజిల్ యాప్‌లో ఫొటో పెడితే 100 నిమిషాల్లో స్పందించాలన్నది లెక్క. అన్ని కాగితాలూ చూశాక ఎవరికీ 40 మార్కులు కూడా రాకపోతే నోటా ఉంది. కాకపోతే నోటాకు అందరికన్నా ఎక్కువ ఓట్లు పడినా అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో తర్వాతి స్థానంలో ఉన్న అభ్యర్థే గెలుస్తాడు. అందుకని పోటీ దగ్గరగా ఉన్నచోట 38 వచ్చినాయనకు, 22 వచ్చినాయనకు తేడా ఉందనుకుంటే 38కి వేయడమే నయం.